పుట్టకముందే తీరిన బాకీ

బస్సు డిపో వెనక వీధిలో సీట్లు కుట్టే కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ డోరు నంబరు చెప్పరు. "పిన్ని కొట్టేనా? నేరుగా వెళ్లండి, గుమ్మం ముందు తోలు ఒలిచేసిన కుర్చీలు కనిపిస్తాయి, అదే" అంటారు. ఆ వీధిలో డ్రైవర్లకీ క్లీనర్లకీ మెకానిక్కులకీ అందరికీ ఆవిడ పిన్నే. ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాడైన పంక్చర్ల ముసలాయన కూడా పిన్నీ అనే పిలుస్తాడు. మొదట్లో ఆవిడ, "మీరే నాకు బాబాయి అవుతారేమో, ఓసారి లెక్కేసి చూసుకోండి" అని విసుక్కునేది. తర్వాత్తర్వాత పలకడం అలవాటైపోయింది.

కొట్టంటే ఒకటే గది, రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. కిటికీ పక్కన రెండు కుట్టుమిషన్లు, ఒకటి గుడ్డకి, రెండోది రెక్సిన్‌కి. ఎదురుగోడ పొడవునా బల్ల. బల్ల మీద సుద్దముక్కలు, రెండు రకాల కత్తెర్లు, వంకర సూదులు గుచ్చిన స్పాంజి దిమ్మ. వెనకాల ఫోమ్ షీట్లు ఒకదానిమీద ఒకటి పైకప్పుదాకా. పంతొమ్మిదేళ్లుగా ఆ గదిలోంచి బస్సు సీట్లు, క్షవరం కుర్చీలు, డాక్టరు రోగిని పడుకోబెట్టే బల్లలు కొత్త చర్మం తొడుక్కుని బయటికి వెళుతున్నాయి. పిన్ని కుడుతుంది. ఆవిడ ఆడపడుచు ఫోము కోస్తుంది. కత్తి ఆడినంతసేపూ ఆ మనిషి నోరు కూడా ఆడుతుంది, కత్తికన్నా వాటంగా.

డబ్బు దగ్గర పిన్నికి ఒక పద్ధతి ఉంది. చిల్లిగవ్వ అడ్వాన్సు తీసుకోదు. పని అయ్యాక డబ్బు చేతిలో పెడితే సీటు ఇస్తుంది, లేకపోతే సీటు గోడకి ఆనించి ఉంటుంది. తను ఇవ్వాల్సినచోట మాత్రం అంతా తిరగేసి చేస్తుంది. దారాల కొట్టాయన సరుకు మూట విప్పకముందే డబ్బు బల్లమీద పెడుతుంది. కరెంటు బిల్లు వచ్చిన పూటే కట్టేస్తుంది. ఒకటో తారీఖు ఇవ్వాల్సిన అద్దె ముందు నెల ఇరవై ఎనిమిదికల్లా ఇంటివాడి చేతిలో ఉంటుంది.

"ఆయనింకా క్యాలెండరు కాగితం చింపలేదు వదినా, అప్పుడే బయల్దేరావా" అంటుంది ఆడపడుచు.

"పోతే పోయింది. ఎవడూ నా గుమ్మంలో నిలబడి అడక్కూడదు."

ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఆడపడుచుకి తెలుసు. పిన్ని నాన్న కూడా సోఫాలు కుట్టేవాడే. మంచి పనివాడు గానీ అడ్వాన్సు కంటపడితే నిగ్రహించుకోలేడు. ఒకరి డబ్బుతో ఇంకొకరి గుడ్డ కొనేవాడు, ఆ ఇంకొకరి డబ్బు ఇంట్లోకి సరుకులైపోయేది. సోఫా ఏదయ్యా అని జనం ఇంటికొచ్చి కూర్చునేవారు. నాన్న స్ప్రింగులు పీకేసిన సోఫా చట్రంలో పడుకుని పైన గోనెపట్టా కప్పుకునేవాడు. "నాన్న ఇంట్లో లేరండీ" అని చెప్పే ఉద్యోగం ఎనిమిదేళ్ల పిన్నిది. ఒకసారి ఒక పెద్దమనిషి, "పర్లేదమ్మా, వచ్చేదాకా ఉంటాను" అంటూ ఆ సోఫామీదే కూర్చోబోయాడు. "అది విరిగిపోయిందండీ" అని పిన్ని అడ్డం పడింది. ఇప్పుడా సంగతి నవ్వుతూనే చెబుతుంది. కానీ చెబుతున్నంతసేపూ చేతిలో కుట్టు ఆపదు, తలెత్తి ఎవరి మొహమూ చూడదు.

అలాంటి మనిషికి ఒకరోజు రిజిస్టరు పోస్టులో ఉత్తరం వచ్చింది.

ఇంటివాడు బిల్డింగు మొత్తం ఒక కంపెనీకి అమ్మేశాడు. పాత అగ్రిమెంటు ఇంకా పదకొండు నెలలుంది, అంతవరకు ఎవరినీ కదపరు. ఆ తర్వాత ఉండదలచినవాళ్లు కొత్త అగ్రిమెంటు రాసుకోవాలి, దానికి క్రెడిట్ స్కోరు ఉన్న రిపోర్టు తేవాలి. తేలేనివాళ్లు గది ఖాళీ చేయాలి. ఉత్తరం ఆడపడుచు పైకి చదివింది.

పిన్ని మర్నాడే కంపెనీ ఆఫీసుకి వెళ్లింది. సంచిలో పంతొమ్మిదేళ్ల అద్దె రసీదులు, ఏ ఏటికి ఆ ఏడు రబ్బరుబ్యాండు వేసి పెట్టినవి. అక్కడి గుమాస్తా కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుని ఒక కట్ట విప్పి చూశాడు.

"అబ్బో. అన్నీ గడువుకి ముందే."

"ఒక్కటి ఆలస్యమై ఉంటే చూపించండి."

"చూపించలేను మేడమ్. కానీ ఇవన్నీ మీకూ ఆయనకీ మధ్య నడిచిన చేతి డబ్బు. మా సిస్టమ్‌లో వీటికి గడి లేదు. స్కోరు గడి ఒకటే ఉంది. అందులో అంకె పడితేనే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది."

"ఖాళీగా వదిలేస్తే?"

"నేను వదిలేస్తాను, అది వదలదు."

గుమాస్తా మంచివాడిలాగే ఉన్నాడు. రబ్బరుబ్యాండు మళ్లీ జాగ్రత్తగా వేసి ఇచ్చాడు. ఏదైనా బ్యాంకులో క్రెడిట్ కార్డు తీసుకోండి, వాడుతూ కడుతూ ఉంటే అంకె దానంతటదే పుడుతుంది అన్నాడు. ఇంటికొచ్చి ఈ మాట చెబితే ఆస్పత్రి గేటు దగ్గర పార్కింగు చీటీలిచ్చే భర్త, చొక్కా విప్పుతూ, "అంటే ఇన్నాళ్లూ ఎవరికీ బాకీ పడకపోవడమే మనం చేసిన తప్పన్నమాట. నేను ముందే చెప్పాను, కొంచెం చెడిపోదాం అని" అన్నాడు. పిన్ని నవ్వలేదు. పోతే ఆ గది ఒక్కటే పోదు. రెక్సిన్ మిషను బరువుకి నేల కుంగకుండా అక్కడ సిమెంటు దిమ్మ పోయించింది తను. బస్సు తిన్నగా గుమ్మం ముందు ఆపి సీటు దించుకోవడానికి వీలైన వీధి ఊళ్లో అదొక్కటే. ఇంకోచోట రెండింతల అద్దె. పైగా రెండు వీధుల అవతల ఒక షెడ్డు ఖాళీ ఉందని విని వెళితే వాళ్లు కూడా మొట్టమొదట అడిగింది స్కోరే.

బ్యాంకులో పిన్నికి పొదుపు ఖాతా ఉంది. కార్డుల బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి ఫారం నింపుతూ వరసగా అడుగుతూ పోయింది.

"ఇంతకుముందు ఏదైనా లోను తీసుకున్నారా అమ్మా?"

"లేదు."

"ఇంటికి? బండికి?"

"లేదు."

"ఫ్రిజ్, టీవీ లాంటివి వాయిదాల్లో?"

"ఒకేసారి డబ్బిచ్చి కొన్నాం."

"ఫోను?"

"అదీ అంతే. అసలు నేను ఎవరికీ అర్ధరూపాయి కూడా బాకీ లేనమ్మా, కావాలంటే మా వీధిలో ఎవరినైనా అడుగు."

అమ్మాయి కలం ఆపింది. "అదేనమ్మా ఇబ్బంది" అంది నెమ్మదిగా.

పదిరోజులకి దరఖాస్తు తిరిగొచ్చింది. కారణం ఒకే వాక్యం: రుణచరిత్ర లేదు. పిన్ని ఆ కాగితం పట్టుకుని మళ్లీ అదే బల్ల ముందు కూర్చుంది. కార్డు కావాలంటే చరిత్ర ఉండాలి, చరిత్ర కావాలంటే కార్డు ఉండాలి. "ఇదెక్కడి తిరకాసు తల్లీ" అంది. అమ్మాయికి జాలేసిందో, ముచ్చటేసిందో, కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇంకో దారి ఉంది, మీ సొంత డబ్బు కొంత మా దగ్గర డిపాజిట్టుగా పెట్టండి, అది హామీగా ఉంటుంది, దానికి కాస్త తక్కువలో వాడుకునేలా కార్డిస్తాం అని చెప్పింది.

పిన్ని చేతిలో కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "నా డబ్బు నీ దగ్గర పెట్టుకుని నాకే అప్పిస్తావా?"

"అవునమ్మా."

"ఆ అప్పు మళ్లీ నేను తీర్చాలా?"

"అవునమ్మా."

"తీరిస్తే, నేను మంచిదాన్నని నువ్వు రాస్తావా?"

"నేను కాదు, కంప్యూటరు. కానీ అంతే."

"సరే కానీయ్. మా ఆడపడుచుతో వేగుతున్నదాన్ని, నీ కంప్యూటరుతో వేగలేనా."

నెల తిరిగేసరికి కార్డు వచ్చింది. వచ్చిననాడే పిన్ని దారాల కొట్టుకి వెళ్లి నల్లదారం కండెలు పన్నెండు, సీటు అంచులకి వేసే పైపింగు తాడు చుట్ట ఒకటి కొని కార్డుతో గీకించింది. చీటీ చేతికొచ్చింది: ఆరువందల నలభై. కొట్టాయన సరుకు ఇచ్చేశాడు, డబ్బు మాత్రం పిన్ని దగ్గరే ఉంది. ఆవిడకి అరికాళ్ల కింద నిప్పులు పోసినట్టయింది. సరుకు సంచి కూడా కొట్లో దించకుండా తిన్నగా బ్యాంకుకి నడిచి, డబ్బు కట్టే మిషన్లో ఆరువందల నలభై వేసి, రసీదు తీసుకుని, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"ఎంతసేపు అప్పులో ఉన్నావు వదినా?" అడిగింది ఆడపడుచు.

"పావుగంట. మధ్యలో సిగ్నలు పడింది, లేకపోతే ఇంకా తక్కువే."

మూడు నెలలు ఇదే వరస. ఫోము కొంటే ఫోము, మేకులు కొంటే మేకులు, గీకడం, పరుగెత్తడం, కట్టడం. ఇరవైసార్లకి పైనే. రసీదులన్నీ రబ్బరుబ్యాండు వేసి పెట్టింది. నాలుగో నెల మొదట్లో వాటిని పట్టుకుని, పరీక్ష బాగా రాసినవాళ్ల నడకతో బ్యాంకులోకి వెళ్లింది. అంకె ఎంతొచ్చిందో చూడమంది.

అమ్మాయి తెరమీద చూసింది. మళ్లీ చూసింది. పక్కకి తిరిగి ఏదో నొక్కి ఇంకోసారి చూసింది.

"అంకె లేదు పిన్నిగారూ."

అప్పటికి ఆ అమ్మాయికి కూడా ఆవిడ పిన్ని అయిపోయింది.

"లేకపోవడమేంటి? ఇరవైమూడుసార్లు కట్టాను. చూడు, రసీదులు."

"కట్టారు. అదే నాకు అర్థం కాక…" అమ్మాయి రసీదులు ఒక్కొక్కటే తెరతో సరిచూసుకుంటూ పోయింది. సగం అయ్యాక నుదురు పట్టుకుంది. "పిన్నిగారూ, మీరు బిల్లు వచ్చేదాకా ఆగట్లేదా?"

"బిల్లొచ్చేదాకా ఎందుకాగడం? కొన్నపూటే కట్టేస్తున్నాను."

"అందుకే. నెలాఖరుకి బిల్లు తయారయ్యే టైముకి మీ పేరుమీద బాకీ ఏమీ ఉండట్లేదు. మూడు బిల్లులూ సున్నా. సున్నా బిల్లుని మా సిస్టమ్ ఏమని పంపిస్తోందో తెలుసా? కార్డు వాడలేదు అని." అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి చూసింది గానీ వల్లకాలేదు. "అప్పు పుట్టకముందే తీర్చేశారు మీరు. పుట్టనిదానికి ఏ చరిత్ర రాస్తాం?"

పిన్ని నవ్వలేదు. "ఎన్నాళ్లు పోయినట్టు?" అంది.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. అమ్మాయి గోడమీది క్యాలెండరు చూసింది. అంకె రావాలంటే ఆరు బిల్లులు కావాలి, ఒక్కోదానిలో బాకీ కనపడాలి, ఒక్కోటి గడువులో తీరాలి. పిన్ని అగ్రిమెంటుకి ఇంక మిగిలింది ఆరునెలల పైన కొద్దిరోజులు. ఒక్క నెల తప్పినా అందదు.

"ఈ నెల నించి ఏం చేయాలో చెప్పు."

"ఏమీ చేయకండి. అదే చేయాల్సింది. కొనండి, వదిలేయండి. ఒకటో తారీఖు బిల్లొస్తుంది. అప్పుడు మొత్తం కట్టేయండి. అంతకుముందు ఈ బ్యాంకు గుమ్మం తొక్కకండి."

ఏమీ చేయకుండా ఉండడం ఎంత కష్టమో ఆ నెలలో పిన్నికి తెలిసొచ్చింది. మూడో తారీఖున రెక్సిన్ కొంది, పద్దెనిమిదివందలు. అయిదో తారీఖుకి కుట్టు వంకరపోవడం మొదలైంది. ఒక బస్సు సీటుకి పైపింగు తిరగేసి వేసి, విప్పి, మళ్లీ తిరగేసే వేసింది. డ్రైవర్లు ఎవరు గుమ్మంలో నిలబడినా ఉలిక్కిపడేది. డబ్బు ఇంట్లోనే ఉంది, కట్టొద్దన్నది బ్యాంకే, అయినా దొంగసొత్తు దాచుకున్నట్టు ఆవిడకి ముద్ద దిగేది కాదు.

పదో తారీఖున, "గుండీలు తెస్తాను" అని చెప్పులేసుకుంది.

"గుండీల కొట్టు కుడిపక్క. నువ్వు ఎడమకి తిరిగావేంటి వదినా?"

"ఎండగా ఉంది, నీడలో వెళ్దామని."

"నీడ బ్యాంకుదాకా ఉందా?"

పిన్ని వెనక్కొచ్చి కూర్చుంది. పదిహేనో తారీఖున మాత్రం ఆడపడుచు భోజనం డబ్బా కడగడానికి వెళ్లిన సందు చూసుకుని నిజంగానే వెళ్లింది. బ్యాంకు గుమ్మం దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒకటో తారీఖు కాలేదు పిన్నీ."

"నా పాసుబుక్కు పని నాయనా."

"కార్డుల మేడమ్ చెప్పారు. ఒకటో తారీఖుకి ముందు ఆవిడొస్తే లోపలికి పంపొద్దని."

అమ్మాయి సరదాకి అన్న మాట అది. గార్డు ఉద్యోగం సరదాకి చేసే మనిషి కాదు. పిన్ని గుమ్మంలో నిలబడి వాదించింది, గొంతు పెంచింది, తన ఖాతాలో ఉన్నది తన డబ్బేనని గుర్తుచేసింది. గార్డు అన్నిటికీ తలూపాడు, చెయ్యి మాత్రం తీయలేదు. చివరికి లోపల్నించి అమ్మాయే పరుగెత్తుకొచ్చింది.

"పిన్నిగారూ, మీ సీటు ఎవరైనా సగం కుట్టులో ఉండగా లాక్కుపోతే ఊరుకుంటారా?"

"చెయ్యి విరగ్గొడతాను."

"మరి నా పనిని సగంలో లాగేస్తున్నారే. ఈ నెలంతా అక్కడ ఒక కుట్టు పడుతోంది. ముడి వేయాల్సింది ఒకటో తారీఖున. ఇప్పుడు లాగితే దారం ఊడొచ్చేస్తుంది."

పిన్నికి ఎవరైనా తన పని భాషలో చెబితే కాదనడం రాదు. వచ్చిన దారినే తిరిగి నడిచింది. ఒకటో తారీఖున బ్యాంకు తలుపు తీసేసరికి మెట్లమీద ఆవిడే ఉంది. గార్డు లేచి నిలబడి పక్కకి తప్పుకుని, "రండి, ఇవాళ మీ రోజు" అన్నాడు.

మొదటి బిల్లు తీరింది. రెండో నెల కుట్టు అంత వంకరపోలేదు. మూడో నెలలో ఒక చిన్న సంగతి జరిగింది.

పాల వ్యాను నడిపే అతను ముందుసీటు కుట్టించుకున్నాడు. పన్నెండువందలయింది. సీటు బిగించాల్సిన రోజు చేతిలో అయిదువందలే పెట్టి, నేలచూపులు చూస్తూ నీళ్లు నమిలాడు. ఇంకో పూట అయితే పిన్ని సీటు గోడకి ఆనించి తన పనిలో పడేది. అతనూ ఆ మాటకే సిద్ధపడి వచ్చాడు. సీటు లేని వ్యాన్లో ప్లాస్టిక్ డబ్బా బోర్లించి కూర్చుని నడుపుకుంటున్నాడు నాలుగురోజులుగా.

పిన్ని అతన్ని చూసింది. బాకీ పడి అలా చూపు తప్పించుకోవడం ఎలా ఉంటుందో ఆవిడకి ఇప్పుడు ఇంకోలా తెలుసు.

"తారీఖు చెప్పు" అంది.

"ఏంటి పిన్నీ?"

"మిగతా ఏడువందలు ఏ తారీఖుకి ఇస్తావు? ఇవ్వగలిగిన తారీఖే చెప్పు. తొందరపడి చెప్పకు."

అతను వేళ్లమీద లెక్కేసుకుని, "పన్నెండు" అన్నాడు. పిన్ని సుద్దముక్కతో గోడమీద పన్నెండు అని రాసింది. సీటు ఇచ్చేసింది. వ్యాను మలుపు తిరిగేదాకా ఆడపడుచు కత్తి గాల్లోనే ఉంది.

"వదినా, నీకు జ్వరమేమైనా వచ్చిందా?"

"నువ్వు ఫోము కొయ్యి."

అతను పద్నాలుగో తారీఖున వచ్చాడు. ఏడువందలూ బల్లమీద పెట్టాడు. పిన్ని లెక్కపెట్టుకుని గోడమీది అంకె చేత్తో తుడిచేస్తూ, "రెండురోజులు ఆలస్యం. నీ స్కోరు పడిపోయింది నాయనా" అంది. అతనికేమీ అర్థం కాలేదు. ఆడపడుచు మాత్రం ఫోమ్ షీటుమీద పడి నవ్వింది. ఆ తర్వాత గోడమీద అప్పుడప్పుడూ ఒకటి రెండు తారీఖులు కనపడసాగాయి. ఒకాయన చెప్పినదానికన్నా వారం ముందే తెచ్చిస్తే పిన్ని తీసుకుంది గానీ, "మరీ ఇంత తొందర మంచిది కాదు, చెప్పిన రోజుకి ఇస్తే చాలు" అని సలహా కూడా ఇచ్చింది. ఇచ్చాక తనే ఆశ్చర్యపోయి కాసేపు మిషను తొక్కడం మర్చిపోయింది.

నాలుగో బిల్లు, అయిదో బిల్లు. ఆరోది వచ్చేనాటికి అగ్రిమెంటు గడువు ఇంకా ఇరవైరోజులుంది. కట్టింది. కానీ కట్టిన సంగతి బ్యాంకు నించి రిపోర్టు తయారుచేసేవాళ్లకి చేరాలి, వాళ్లు తమ పుస్తకంలో ఎక్కించాలి. ఎన్నిరోజులు పడుతుందో అమ్మాయి కచ్చితంగా చెప్పలేకపోయింది. ఈసారి ఎవరికీ కట్టాల్సింది లేదు, ఎక్కడికీ పరుగెత్తాల్సింది లేదు. పిన్ని కుడుతూ ఉండిపోయింది. భర్త మాత్రం గుట్టుగా ఒక వ్యానువాణ్ణి మాట్లాడి పెట్టాడు, ఖాళీ చేయాల్సివస్తే మిషన్లు ఎక్కించడానికి. ఆ సంగతి ఆవిడకి తెలుసని ఆయనకి తెలియదు.

గడువుకి ఆరురోజులుండగా మధ్యాహ్నం పూట అమ్మాయి ఫోను చేసింది. మిషను చప్పుడులో వినపడక పిన్ని రెండోసారి చెప్పించుకుంది.

"వచ్చింది పిన్నిగారూ. అంకె వచ్చింది. ఏడువందల పద్దెనిమిది."

"అది మంచిదా, చెడ్డదా?"

"మొదటి అంకెకి చాలా మంచిది."

పిన్ని ఫోను బల్లమీద పెట్టి, ఆడపడుచు వైపు తిరిగి, "ఏడువందల పద్దెనిమిదిట" అంది. ఆడపడుచు కత్తి కింద పెట్టి కొంగుతో కళ్లొత్తుకుని, "నాకు తొమ్మిదో క్లాసులో అన్నీ కలిపి కూడా అన్ని రాలేదు" అంది.

మర్నాడు వదినామరదళ్లు ఇద్దరూ కంపెనీ ఆఫీసుకి వెళ్లారు. పిన్ని సంచిలో రిపోర్టుతో పాటు ఒక లావుపాటి కవరు కూడా ఉంది. అందులో ఆరునెలల అద్దె. మనసు ఎంత మారినా చెయ్యి ఇంకా పాతదే కదా, పొద్దున్నే లెక్కపెట్టి పెట్టేసింది. గుమాస్తా కళ్లజోడు కిందికి దించుకుని అంకె గడిలో కొట్టాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత పేజీ తెరుచుకుంది. ఆయన కూడా కుర్చీలో వెనక్కి వాలాడు, ఇన్నాళ్లూ ఆ బరువు తనే మోస్తున్నట్టు.

"మీ స్కోరు ఫైలు కొత్తది కదా మేడమ్, మూడేళ్ల అగ్రిమెంటు ఇవ్వడానికి నాకు పర్మిషన్ లేదు. ఏడాదికి రాస్తాను. ఏడాది సరిగ్గా కడితే ఆ పైన మూడేళ్లు."

"ఏడాది చాలు. మొదలుపెట్టండి."

ఆయన రాస్తూ రాస్తూ తలెత్తాడు. "ఇంకో మాట. మీలాంటి కొత్త ఫైలువాళ్లు కొందరు ఆరునెలల అద్దె ముందే కట్టేస్తుంటారు. రూలేం లేదు. వాళ్లకీ మాకూ నిశ్చింత అని."

పిన్ని చెయ్యి అప్పటికే సంచిలోకి వెళ్లింది. వేళ్లకి కవరు తగిలింది. ఆడపడుచు ఆ చేతివైపే చూస్తోంది.

"ముందే కడితే ఏమైనా తగ్గిస్తారా?"

"లేదండీ."

"నా పేరుమీద ఏమైనా మంచిగా రాసుకుంటారా?"

గుమాస్తా కలం బల్లమీద పెట్టాడు. "నిజం చెప్పాలంటే లేదు. ఏ నెలకి ఆ నెల గడువులో పడితేనే అది కట్టినట్టు నమోదవుతుంది."

పిన్ని చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. "అయితే నెలనెలా కడతాను. ఏ తారీఖో చెప్పండి."

"అయిదో తారీఖు లోపల."

"అయిదో తారీఖునే ఇస్తాను" అంది పిన్ని, సంతకం చేయడానికి కలం అందుకుంటూ.

తిరిగొచ్చేటప్పుడు ఎడమపక్క వీధిలో ఇనుపసామాన్ల కొట్టు దగ్గర ఆగారు. ఉత్తరం వచ్చినప్పటి నించి పిన్ని ఆ గది గోడకి ఒక్క మేకు కొట్టలేదు, ఎవరి గోడవుతుందో తెలియక. వెనక మూల పైకప్పుదాకా పేరుకున్న ఫోమ్ షీట్లకి రెండు అరలు బిగిస్తే, ఆ జాగాలో ఇంకో మిషను పడుతుంది. రెండువందల సీట్లున్న ఒక సినిమా హాలువాళ్లు అన్నీ కుట్టిపెట్టమని ఎప్పణ్ణించో అడుగుతున్నారు, గది ఉంటుందో పోతుందోనని ఇన్నాళ్లూ ఒప్పుకోలేదు. ఇనుప పట్టీలు ఎనిమిది, మరమేకులు రెండు పెట్టెలు తీసుకుంది. కొట్టాయన లెక్క చెప్పాక పిన్ని కార్డు తీసి ఇచ్చింది.

"ఇప్పుడు బ్యాంకుకా?" అడిగింది ఆడపడుచు, సంచి రెండో చెవి పట్టుకుంటూ.

"కొట్టుకి. ఆ గోడ కొలతలు తీసుకోవాలి, పద."